పాలపిట్ట: కల్పితమైన మహిమ, కంటికి కనబడు పక్షి

మన కథలలోను కావ్యములలోను ఎగురుచుండు పక్షులను వరుసగా నిలిపి చూచినచో అవి మూడు తెగలుగా కనబడును.

కేవలము మనుష్యుని ఊహలో పుట్టి, ఏనాడును ఆకాశమున రెక్క విప్పనివి మొదటి తెగ. గండభేరుండము ఇట్టిది. దానికి మొండెమొకటి, తలలు రెండు. ముక్కులతోను గోళ్ళతోను ఏనుగులను ఎత్తుకొనిపోవునని ప్రతీతి. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయలు (1529–1542) తన బంగారు నాణెములపై ఈ పక్షిని ముద్రింపించెను. మైసూరు ప్రభువులు దీనిని రాజచిహ్నముగా గ్రహించిరి. శిల్పులకిది గొప్ప వస్తువే గాని, ప్రకృతిలో దీనికి తావు లేదు. ఒక పక్షి ఆకారమును పొడవున రెట్టింపు చేసినచో దాని రెక్కల వైశాల్యము నాలుగు రెట్లగును, బరువు ఎనిమిది రెట్లగును. అందుచేత పెరిగినకొలది పక్షికి ఎగురుట దుస్సాధ్యమగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవాటిలో ఒకటియగు మన బట్టమేకపిట్టయే సుమారు 15 కిలోలు తూగును. పెరిగిన ఏనుగు మూడు నాలుగు వేల కిలోలు తూగును. కాబట్టి గండభేరుండము నాణెముమీదనే ఎగురవలయును.

కవుల సంకేతములలో చిక్కుకొన్న నిజమైన పక్షులు రెండవ తెగ. పాలను నీటిని వేరుపరచు హంస, వెన్నెల త్రాగు చకోరము, వానచినుకు తప్ప అన్యమెఱుగని చాతకము ఇందులోనివి. వీనిలో చాతకమను పక్షి నిజముగానే నైరృతి ఋతుపవనములతోపాటు మన దేశమునకు వచ్చుచుండును. ఆ రాకను చూచిన వారెవరో ఆ దాహమును కల్పించియుందురు.

ఇక మూడవ తెగ కవులకంటె రైతులకు, పశువులకాపరులకు, పల్లెలోని తల్లులకు ఎక్కువ పరిచితమైనది. అది చేనిగట్టుమీది మోడుపై, కరెంటు తీగపై, గుట్టచేరువనున్న పొదలడవి అంచున కూర్చుండును. ఎవరైనను చూడవచ్చును. అయినను దానిచుట్టు అల్లిన మహిమలు గండభేరుండపు మహిమలకు తీసిపోవు. అట్టి పక్షులలో తెలుగువారికి ముఖ్యమైనది పాలపిట్ట. ఈ ప్రసంగమున ఆ మహిమలెట్టివో, ఆ పక్షి యెట్టిదో, మొదటిదానివలన రెండవదానికి కలుగుచున్న కీడెట్టిదో విచారింతము.

నిజామాబాదు జిల్లాలోని ఏర్గట్ల వంటి ఊళ్ళలో విజయదశమినాడు ఈ పక్షి ప్రాముఖ్యము ప్రత్యక్షముగా తెలియును. ఏర్గట్ల 2016 వరకు మోర్తాడు మండలములోని గ్రామముగా ఉండి, ఆ సంవత్సరము జరిగిన పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైనది. ఆ మండలములోని తడపాకల్ గ్రామము గోదావరి యొడ్డుననే యున్నది. చుట్టును పసుపు, మక్కజొన్న, ఎఱ్ఱజొన్న, వరి పండు చేలు, నడుమ నడుమ రాతిగుట్టలు, వాని పాదములయందు ముండ్లపొదలు. పాలపిట్టకు కావలసిన నేల యిట్టిదే. పండుగనాటి సాయంకాలము పెద్దలు పిల్లలను వెంటబెట్టుకొని ఊరి పొలిమేర దాటి, తలలెత్తి తీగలవెంబడి, చెట్లకొనలవెంబడి ఆ పక్షికై వెదకుదురు. కనబడినచో చేతులు జోడింతురు. పిదప జమ్మిచెట్టు కడకు పోయి, ఆకు కోసి, దానిని బంగారమని పేర్కొని ఒకరి చేత ఒకరు పెట్టి, అలాయి బలాయి తీసికొందురు. పాలపిట్టను చూడని దసరా పెక్కుమందికి కొరతపడిన దసరాయే.

దీనికి కారణముగా చెప్పబడు కథలు రెండు మూడు గలవు. పాండవులు అజ్ఞాతవాసము ముగించి, జమ్మిచెట్టుపై దాచిన ఆయుధములను తీసికొని మరలునప్పుడు వారికి పాలపిట్ట కనబడినదనియు, అటుపిమ్మట వారికి జయము కలిగినదనియు ఒక కథ. శ్రీరాముడు రావణునిపై యుద్ధమునకు పోవునప్పుడు దీనిని చూచెననునది మరియొకటి. ఉత్తరదేశమున దీనిని నీలకంఠమని పిలిచి శివునితో ముడిపెట్టుదురు. ఇక్కడ గమనింపదగిన వింత యొకటి గలదు. నీలకంఠమన్న పేరేగాని ఈ పక్షి కంఠము నీలము కాదు. గొంతును రొమ్మును సన్నని చారలుగల గోధుమవన్నెలో నుండును. నీలమంతయు నడినెత్తిమీదను, రెక్కలయందును, తోకయందును ఉన్నది.

పేరు విషయమున మన ప్రాచీనులు మిక్కిలి శ్రద్ధగలవారు. సంస్కృతమున దీనిని చాషమందురు. ఋగ్వేదములో ఓషధులను స్తుతించు సూక్తమునందు, రోగమును చాషముతోపాటు ఎగిరిపొమ్మని కోరు మంత్రమొకటి యున్నది. అనగా దీనికి మహిమను ఆరోపించుట నిన్న మొన్నటిది కాదన్నమాట. అమరకోశము దీనికి ‘కికీదివి’ అను మరియొక పేరును చెప్పుచున్నది. ఆ పేరు పక్షి కూతను అనుకరించి పెట్టినట్లున్నది. కూత మాత్రము వినుట కింపుగా నుండదు. కాకి గొంతును తలపించు కఱకు శబ్దమది. 1758లో లిన్నేయసు అను స్వీడను శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయనామ మొసగునప్పుడు కాకుల గణముననే చేర్చెను. తరువాతి శాస్త్రజ్ఞులు సరిదిద్ది, లకుముకిపిట్టలకు దగ్గరి బంధువుగా వేఱు కుటుంబములో నిలిపిరి.

తెలుగు పేరునందు మరియొక కథ దాగియున్నది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డను అను ఆంగ్లేయుడు 1862లో ప్రకటనము ప్రారంభించిన తన భారతీయ పక్షుల గ్రంథమున ఈ పేరునకు కారణము వ్రాసియుంచెను. ఆవు పాలు తగ్గినప్పుడు ఈ పక్షి ఈకలు కొన్నింటిని తుంచి గడ్డిలో కలిపి మేపినచో పాలు మిక్కిలి పెరుగునని తెలుగువారు నమ్ముదురనియు, అందుచేతనే దీనిని పాలపిట్ట యందురనియు ఆయన వ్రాసెను. అదే గ్రంథమున మరియొక సంగతియు గలదు. ప్రయాణమునకు బయలుదేరిన వెంటనే ఈ పక్షి అడ్డముగా పోయినచో అపశకునమని జనులు తలంతురట! దసరానాడు ఎదురైనచో విజయము, ప్రయాణమున అడ్డమైనచో అనర్థము. పక్షి ఒక్కటే, దాని యెగురుట ఒక్కటే, ఫలములు మాత్రము రెండు. శకునము పక్షియందు గాక మనుష్యుని నిరీక్షణయందే యున్నదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వెదకనక్కరలేదు.

ఈకకు పాలను పెంచు శక్తి యున్నదా యను ప్రశ్నకు శాస్త్రము నేరుగానే సమాధానము చెప్పగలదు. ఈక కేరాటిను అను పదార్థముతో ఏర్పడినది. మన గోళ్ళును, వెండ్రుకలును, పశువుల కొమ్ములును గూడ ఆ జాతి పదార్థముతో నిర్మితమైనవే. పచ్చి ఈక పశువునకు సులభముగా జీర్ణము కాదు. పాడి పెరుగుట పచ్చిమేత, దాణా, నీరు, పశువు జాతి, ఈత, ఆరోగ్యము అనువానిపై ఆధారపడును. అయినచో నమ్మకమెట్లు పుట్టెను? ఒక ఊహ చేయవచ్చును. వానలు వెనుకబట్టిన పిదప, ఆశ్వయుజ కార్తీకములలో, మైదానములయందు పాలపిట్టలు ఎక్కువగా కంటబడును. గట్లమీద పచ్చగడ్డి సమృద్ధిగా నుండునదియు ఆ దినములలోనే. గడ్డి తిన్న ఆవు పాలిచ్చినది, కీర్తి తీగమీది పిట్టకు దక్కినది. విజయయాత్రల సంగతియు ఇట్టిదే. వానలు నిలిచి బాటలు ఆరినగాని పూర్వపు రాజులు సేనలను కదల్పరు. అప్పుడు పొలిమేర దాటినవారికి ఈ పక్షి ఎదురుపడుట సహజము.

అట్లని పాలపిట్ట ఈకయందు అద్భుతము లేదని తలపరాదు. ఉన్నది. అది పాలలో గాక వన్నెలో నున్నది.

కూర్చున్నప్పుడు ఈ పక్షి సామాన్యముగా కనబడును. పొడవు సుమారు 30 సెంటీమీటర్లకు కొంచెము పైన. పావురమంత ఒడలు, పెద్ద తల, బలమైన నల్లని ముక్కు. రెక్క విప్పినంతనే రూపము మారును. ముదురు నీలము, లేత నీలము పట్టెలు పట్టెలుగా వెలుగును. ఆడపక్షికిని మగపక్షికిని వన్నెలో భేదము లేదు.

ఈ నీలము ఎక్కడనుండి వచ్చినది? నీలిమందును ఎంత నూరినను నీలముగానే యుండును, ఏలయన ఆ రంగు పదార్థములోనే యున్నది. పాలపిట్ట ఈకను మెత్తగా నూరినచో నీలము మాయమై మట్టివన్నెగల పొడి మిగులును. ఈకను కంటికిని వెలుతురునకును నడుమ పట్టి చూచినను నీలము కనబడదు. సర్ సి. వి. రామన్ ఈ పక్షి ఈకలనే తీసికొని పరీక్షించెను. ఆయన 1934లో బెంగుళూరున భారతీయ విజ్ఞాన అకాడమిని స్థాపించెను. ఆ అకాడమి ప్రకటించిన మొదటి సంపుటముననే పక్షుల ఈకల వన్నెలను గూర్చిన ఆయన వ్యాసము వెలువడినది. ఆ వన్నె రంగుపదార్థమువలన గాక ఈకయొక్క సూక్ష్మనిర్మాణమువలన కలుగుచున్నదని అందు నిరూపించెను. ఈకపోగులలో కంటికి కనబడనంత చిన్నవగు గాలిరంధ్రములు స్పంజువలె అమరియున్నవి. వాని పరిమాణము కాంతి తరంగముల పరిమాణమునకు దగ్గరగా నుండుటచే, తెల్లని వెలుగు పడినప్పుడు నీలకాంతి యధికముగా వెనుకకు మరలును. క్రిందనున్న నల్లని పదార్థము తక్కిన కాంతిని మ్రింగివేయును. అందుచేత మన కంటికి నీలము తోచును. ఈకను నూరినచో ఆ నిర్మాణము నశించును, దానితో వన్నెయు నశించును. పాలకొఱకు ఈకను తుంచినవారు ఆ పక్షియందున్న నిజమైన అద్భుతమును తుంచివేసిరన్నమాట.

ఇక దీని బ్రదుకు తెరువు చూతము. పాలపిట్ట ఎత్తైన చోట కదలక కూర్చుండి నేలను పరికించుచుండును. పురుగు కదలినంతనే వాలి, పట్టి, తిరిగి తన స్థానమునకు వచ్చి, దానిని కొమ్మకేసి కొట్టి మ్రింగును. దీని ఆహారములో సగమునకు దగ్గరగా పెంకుపురుగులును, నాలుగవవంతు మిడుతలును కీచురాళ్ళును ఉండునని పరిశీలకులు తేల్చిరి. తేళ్ళు, బల్లులు, కప్పలు, చుంచులు, చిన్నపాములు గూడ దీనికి వర్జ్యములు కావు. తొలకరి తరువాత ఉసిళ్ళు లేచునప్పుడు ఇవి గుంపులుగూడ చేరును. డెబ్బది మీటర్ల తీగపై నలుబది పక్షులు కూర్చుండగా చూచినవారు గలరు. నాగలి వెంటను, ఇప్పుడు ట్రాక్టరు వెంటను తిరుగుచు పైకి తేలిన పురుగులను ఏరుకొనును. గడ్డికి నిప్పంటుకొన్నచోట పారిపోవు మిడుతలకై కాచుకొనును.

రైతునకు దీని విలువ ఎంతయో దీనినిబట్టి తెలియును. బోధను చుట్టుపట్ల 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతబడువరకు తరతరములుగా చెఱకు పండించిన రైతులకు వేరుపురుగు బాధ క్రొత్త కాదు. ఆ వేరుపురుగు పెరిగి పెంకుపురుగై, తొలివానల తరువాత సందెవేళ నేలనుండి వెలువడును. పాలపిట్ట చీకటిపడు వరకును వేటాడు పక్షి. పురుగుమందునకు కూలి యియ్యవలయును, పాలపిట్టకు ఒక మోడుకొమ్మ చాలును. పంటచేలలో ‘టి’ ఆకారముగల కఱ్ఱలు పాతి పక్షులకు ఆసరా కల్పింపుడని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుటకు కారణమిదియే.

మార్చి మొదలు జూను వరకు దీనికి గూడు కట్టు కాలము. అప్పుడు మగపక్షి ఆకాశమునకు నిట్టనిలువుగా లేచి, రెక్కలు మడిచి, అటునిటు దొర్లుచు కఱకుగా అరచుచు క్రిందికి దూకును. ఆంగ్లభాషలో దీనికి ‘దొర్లుడు పిట్ట’ అను అర్థముగల పేరు వచ్చుట ఈ విన్యాసమువలననే. గూడనగా పుల్లల గూడు కాదు. ఎండిన తాటిబోదెలోనో, ముసలి చెట్టు తొఱ్ఱలోనో, పాడుగోడ కంతలోనో మూడు మొదలు ఐదు వరకు తెల్లని గ్రుడ్లు పెట్టును. ఆలుమగలు రెండును పొదుగును. 17 మొదలు 19 దినములలో పిల్లలు వెలువడును. అవి ఎగురుటకు మరియొక నెల పట్టును. తాను తొఱ్ఱను తొలుచుకొను శక్తి దీనికి లేదు. చెట్టు పుచ్చినగాని, వడ్రంగిపిట్ట తొలిచి విడిచినగాని దీనికి ఇల్లు లేదు. ఎండిన తాటిని ‘పనికిరాని మోడు’ అని మనము నరకినప్పుడు ఒక కుటుంబము నివాసమును నరికినవారమగుదుము.

మనుష్యునివలన ఈ పక్షికి కీడు కలుగుట మొదటిసారి కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా స్త్రీల టోపీలకు ఈకల అలంకారము పరిపాటియైనప్పుడు, మన దేశమున ఆ వ్యాపారమునకై విశేషముగా చంపబడిన పక్షులలో పాలపిట్ట యొకటి. 1902లో ప్రభుత్వము అడవి పక్షుల చర్మముల, ఈకల ఎగుమతిని నిషేధించెను. ఆ వేడుక పోయినది. పక్షి మిగిలినది. తరువాత దానికి గౌరవమును హెచ్చినది. ఆంధ్రప్రదేశము దీనిని రాష్ట్రపక్షిగా నెన్నుకొనెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట అదే సంవత్సరము పాలపిట్టను రాష్ట్రపక్షిగాను, జమ్మిని రాష్ట్రవృక్షముగాను ప్రకటించిరి. ఆంధ్రప్రదేశము 2018లో రామచిలుకను గ్రహించినది. ఒడిశా, కర్ణాటక రాష్ట్రములకును పాలపిట్టయే రాష్ట్రపక్షి.

ఇంత గౌరవమునందును ఒక విపరీతము జరుగుచున్నది. పట్టణములు పెరిగి పొలిమేరలు దూరమైనకొలది, దసరానాడు పక్షికడకు పోవలసినవారు పక్షిని తమకడకు రప్పించుకొనసాగిరి. పండుగకు ముందు కొందరు పాలపిట్టలను వలలతో పట్టి, రెక్కలు కట్టివేసి, ఇరుకు పంజరములలో పెట్టి వీథులవెంట తిప్పుదురు. చూచినవారు నాణెమిచ్చి మ్రొక్కుదురు. ఎగురుచు పురుగులను పట్టి బ్రదుకు పక్షి పంజరములో తిండిలేక, నీరులేక, బెదరి నీరసించును. విడిచిపెట్టినను కట్టిన రెక్క పనిచేయదు. ఇట్టి పక్షులను అటవీశాఖవారు హైదరాబాదులో పట్టుకొని విడిపించిన సందర్భములు పెక్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పాలపిట్టను పట్టుటయు బంధించుటయు నేరము. చట్టమును ప్రక్కన పెట్టినను, ఆచారము దృష్టిచేతనైనను ఇది నిష్ఫలము. పొలిమేర దాటి వెదకుట ఆ దర్శనములో సగము. తక్కిన సగము ఆ నీలము. రెక్క కట్టిన పాలపిట్టయందు ఆ నీలము చాలవరకు ముడుచుకొని గోధుమవన్నెయే కనబడును.

పంజరమునకంటె పెద్ద ఆపద పొలములోనే నెమ్మదిగా పెరుగుచున్నది. పాత చెట్లు, ఎండిన తాళ్ళు పోవుచున్నవి. పురుగుమందులు పెరిగినకొలది పక్షి ఆహారము తరుగును, మిగిలిన ఆహారము విషపూరితమగును. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక, పాలపిట్టల సంఖ్య తగ్గుచున్నదనియు, దీని రక్షణస్థాయిని మరల పరిశీలింపవలయుననియు సూచించినది. ఆ నివేదిక వెలువడునాటికి అంతర్జాతీయ పట్టికలో ఇది అపాయము లేని పక్షిగానే యుండెను. పట్టికలకై ఊరివారు వేచియుండ నక్కరలేదు. గట్టుమీద ఒక ఎండిన మోడును విడిచిపెట్టుటకు, చేనిలో నాలుగు కఱ్ఱలు పాతుటకు, అవసరము దాటిన మందు చల్లకుండుటకు ఎవరి అనుమతియు కావలసినది లేదు.

కథలను విడువుమని శాస్త్రము చెప్పదు. పాండవుల కథ చెప్పుకొనుచు పిల్లలను పొలమునకు తీసికొనిపోవుటకంటె మంచి ప్రకృతిపాఠము లేదు. ఈ సారి పండుగకు పొలిమేర దాటినవారు పక్షి కనబడినంతనే తిరిగిరాక కొంచెముసేపు నిలిచి చూడుదురుగాక. అది ఎక్కడ కూర్చున్నది, ఏ పురుగును పట్టినది, ఎన్నిసార్లు వాలి లేచినది అని పిల్లలచేత లెక్కింపింపుడు. పంజరమును తెచ్చి వాకిట నిలిచినవానికి నాణెమియ్యక అటవీశాఖవారికి కబురంపుడు. ఇట్లు చేయువారు పదిమంది యున్న ఊరిలో రాబోవు దసరాలకును పాలపిట్ట తీగమీదనే కనబడును.